తాళాలు నిలవని వీధి

తాళాలాయనకి పొద్దున లేవగానే మూడు పనులు. ఒకటి, ఇంటి మధ్య తలుపుకున్న తాళాన్ని పట్టుకుని గట్టిగా లాగి చూడటం. రెండు, భార్య ఇచ్చిన టీని వాసన చూసి మరీ తాగటం. మూడు, కొట్టు తెరిచే ముందు వీధిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కళ్ళతో ఒకసారి ఊడ్చేయటం. టీ వాసన ఎందుకు చూస్తాడో ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన భార్యకి అంతుపట్టలేదు. "విషం కలిపేదాన్నయితే ఇన్నాళ్ళు ఆగుతానా?" అని ఒకసారి అడిగింది. ఆయన ఆ మాట గురించి కూడా కాసేపు ఆలోచించాడు.

మనిషి చెడ్డవాడు కాదు. చేసే పని అలాంటిది. దొంగ ఎటునుంచి వస్తాడు, ఏ తీగ పెడతాడు, ఎక్కడ నొక్కుతాడు అని నలభై ఏళ్ళు ఆలోచించినవాడికి లోకంలో సగం మంది దొంగల్లాగా, మిగతా సగం దొంగలకి దారి చూపించేవాళ్ళలాగా కనిపిస్తే వింతేముంది. ఎవరైనా తాళంచెవి పట్టుకొచ్చి ఇలాంటిదే ఇంకొకటి కావాలని అడిగితే వెంటనే చేసివ్వడు. వాళ్ళతో పాటు ఇంటిదాకా వెళ్ళి, లోపలివాళ్ళు ఆ మనిషిని చూసి "వచ్చావా" అనేదాకా గుమ్మంలో నిలబడి, అప్పుడు ఆకురాయి చేత పడతాడు. ఎదురింటి టీచరమ్మ తన సొంత బీరువా తాళంచెవి పోగొట్టుకుని వచ్చినా అదే తంతు. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నారు కదండీ నన్ను!" అని ఆవిడ నొచ్చుకుంటే, "చూస్తున్నాను కాబట్టే అడుగుతున్నానమ్మా" అన్నాడు.

ఆ మధ్య తలుపు సంగతి ముందే చెప్పుకోవాలి. ఇల్లు ఒకటే, కాపురాలు రెండు. వీధి వైపు సగం తాళాలాయనది. వెనక సందులోకి తెరుచుకునే సగం తమ్ముడిది. వాళ్ళ నాన్న తలుపులూ, వాటికి తాళాలూ చేసేవాడు. ఆయన చేతిలోని చెక్కపని చిన్నవాడికి అబ్బింది, ఇనప పని పెద్దవాడికి అబ్బింది. నాన్న పోయిన వారానికి ఆయన నమూనా తాళంచెవుల గుత్తి కనిపించకుండా పోయింది. మూడు వందల చెవులు. ఏ తాళానికి పళ్ళు ఏ వరసలో ఉంటాయో అంతా అందులోనే ఉంది. తాళాలాయన ఇల్లు తలకిందులుగా వెతికి, దొరక్క, చివరికి తమ్ముడి మొహంలోకి చూశాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆ చూపే చాలింది.

"నేనే తీశానని నువ్వనుకుంటే ఇంక నేను చెప్పేదేం లేదన్నయ్యా" అని తమ్ముడు లేచి తన సగంలోకి వెళ్ళిపోయాడు. ఇటు గడియ పడింది. అటు గడియ పడింది.

మర్నాడు పొద్దున అటువైపు స్క్రూలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తాళాలాయన తలుపుకి చెవి ఆనించి లెక్కపెట్టాడు. ఆరు. గడియ చాలక తమ్ముడు ఇంకేదో పెద్ద తాళం బిగిస్తున్నాడన్నమాట! ఆయనకి ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఆరు బిగిస్తే నేను ఏడు పెడతానని ఆ రోజంతా కొట్లో కూర్చుని ఏడు లివర్ల తాళం ఒకటి చేశాడు. లివరంటే తాళం కడుపులో ఉండే సన్నటి రేకు. ఉన్నవన్నీ లేస్తేనే తాళం వస్తుంది, ఒక్కటి లేవకపోయినా రాదు. దాన్ని తలుపుకి వేశాడు. దానికి తాళంచెవి మాత్రం చేయలేదు. ఇదంతా జరిగి పదకొండేళ్ళు.

ఇక కుక్క సంగతి. ఒక రోజు పొద్దున్నే కొట్టు తెరవబోతే షట్టరు తాళం అప్పటికే తెరుచుకుని కొక్కేనికి వేలాడుతోంది. దాని కిందే మెట్టు మీద గోధుమరంగు కుక్క ఒకటి పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. నిండు పొట్ట మెట్టు అంచుదాకా జారింది. తాళాలాయన దాన్ని దాటుకుని లోపలికెళ్ళి అర్ధగంట సోదా చేశాడు. ఒక్క మేకు కూడా పోలేదు. ఏదో ఒకటి పోయుంటే మనసు కుదుటపడేది. ఏమీ పోకపోవటంతో అనుమానం ఇంకా ముదిరింది.

"ఏమండీ, ఇది కడుపుతో ఉంది" అంది భార్య, గుమ్మంలో చతికిలబడి.

"ఎవరు పంపారో దీన్ని."

"కుక్కని పంపటమేంటండీ, అదేమన్నా ఉత్తరమా?"

"మెడ చూడు. చుట్టూ బొచ్చు అరిగిపోయింది. పట్టీ ఉండేది. ఎవరో పెంచారు. పెంచినవాళ్ళు ఈ స్థితిలో ఎందుకు వదిలేస్తారు?"

"ఈ స్థితిలో ఉందనే వదిలేసి ఉంటారు" అని ఆవిడ లోపలికెళ్ళి పాలలో రొట్టె నానబెట్టి తెచ్చింది. కుక్క రెండు గుక్కల్లో గిన్నె ఖాళీ చేసి, ఇక తనకి ఈ ఇంట్లో పని ఉన్నట్టే కొట్లోకి నడిచి బల్ల కింద చేరింది. గోడకి వేలాడుతున్న పదకొండు కొత్త తాళాలు ఒకదాని తర్వాత ఒకటి టక్కు టక్కుమని తెరుచుకున్నాయి.

కుక్క నెలలు నిండుతున్నప్పుడు చుట్టుపక్కల తాళాలు నిలవవు కదా. అందుకని వీధిలో ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. మొదటివారం నాలుగిళ్ళ దాకా, రెండోవారం వీధి చివరిదాకా, దాని పొట్ట పెరిగిన కొద్దీ తాళాలు జారిపోతూ వచ్చాయి. పోస్టాఫీసు గుమాస్తా ఉత్తరాల పెట్టెకి రాయి అడ్డం పెట్టాడు. టీచరమ్మ బీరువాకి కుర్చీ అడ్డం వేసి బడికెళ్ళింది. తాళంచెవి పోయిన సూట్‌కేసు ఇంట్లో పడి ఉన్నవాళ్ళు దాన్ని మోసుకొచ్చి కుక్క పక్కన కాసేపు పెట్టుకుని, తెరుచుకోగానే, "వస్తామండీ" అని వెళ్ళిపోయేవాళ్ళు. తన కొట్లోనే, తన కళ్ళ ముందే, తనకి మాట మాత్రం చెప్పకుండా! తాళాలాయనకి పుండు మీద కారం చల్లినట్టుండేది.

వీధిలో నిలిచిన తాళం ఒక్కటే, మధ్య తలుపుది. పొద్దున్నే లాగి చూసేవాడు. గట్టిగానే ఉండేది. చేసిన చెయ్యి తనది కాబట్టి గర్వంగా ఉండేది. ఆ గర్వం టీ తాగేలోగానే ఎటో పోయేది. ఎందుకు పోయేదో ఆలోచించటం ఇష్టం లేక పనిలో పడేవాడు.

వీధి చివర జంతువుల ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టరమ్మ దగ్గరికి కుక్కని నడిపించుకెళ్ళారు. వాళ్ళు లోపల అడుగు పెట్టగానే మందుల బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆవిడ కాలితో ఒక స్టూలు అటు తోసి, కుక్క పొట్ట మీద చెయ్యి పెట్టింది. తర్వాత స్కానింగు మిషనులో చూసింది.

"ఆరు పిల్లలు. ఇంకో రెండు వారాలు పట్టొచ్చు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. లోతు తక్కువ పెట్టె ఒకటి చూడండి, తల్లి కాళ్ళు చాపుకుని పడుకునేంత. పాత బట్టలు పరవండి. జనం తిరగని చోట ఉంచండి. తిండి మానేసి నేల గీకుతుంటే ఆ రోజే ఈనుతుందని లెక్క. నాకు కబురు పెట్టండి. ఈనాక మాత్రం కనీసం ఆరు వారాలు తల్లినీ పిల్లల్నీ చోటు కదపకూడదు."

"మీరు ఇంత శ్రద్ధగా చెప్తున్నారెందుకు?" అన్నాడు తాళాలాయన.

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అది నా ఉద్యోగమండీ" అంది.

కుక్క ఎవరిదో తెలుసుకోమని కూడా ఆవిడే చెప్పింది. తాళాలాయన కాగితం రాసి వీధిలో నాలుగుచోట్ల అంటించాడు: గోధుమరంగు ఆడకుక్క, కడుపుతో ఉంది, తమదనుకున్నవాళ్ళు తాళాల కొట్లో కలవండి. ఎడమ చెవి కొస తెగి ఉన్న సంగతి మాత్రం కావాలని రాయలేదు. మూడో రోజు ఒక పెద్దమనిషి వచ్చి, ఇది తనదేనని, పిల్లలు మంచి జాతివని, ఇప్పుడే తీసుకుపోతానని హడావుడి చేశాడు. "దాని చెవికి ఏమైంది?" అని అడిగాడు తాళాలాయన. ఏ చెవికి అన్నాడా పెద్దమనిషి. "మీరే చెప్పాలి." కుడి చెవికి చిన్నప్పుడు చీము పట్టిందని ఒక కథ మొదలుపెట్టాడు. తాళాలాయన సుత్తి చేతిలోకి తీసుకోగానే కథ ఆపేసి వెళ్ళిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అనుమానం ఒకరికి పనికి రావటం అదే మొదలు. కుక్క వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆయన పాదం తీసేయబోయి, ఊరుకున్నాడు.

అయినా అనుమానం పోలేదు. కుక్క రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి లేచి ఎటో వెళ్ళి మూడింటికి తిరిగొచ్చేది. పొట్ట నిండుగా ఉండేది. ఇంటి తిండి సరిగ్గా ముట్టేది కాదు. ఒక రోజు దాని వీపు దులుపుతుంటే చేతికి సన్నటి చుట్టలు తగిలాయి. వెలుతురులో పెట్టి చూశాడు. చెక్కపొట్టు. టేకు. చిత్రిక పట్టిన చెయ్యి ఎవరిదో కూడా ఆయనకి తెలుసు. అంత పల్చగా, తెగకుండా, ఉంగరంలా లేచే పొట్టు నాన్న తర్వాత ఒక్కడికే వస్తుంది.

"అదీ సంగతి!" అన్నాడు భార్యతో. "పంపింది వాడే. నా తాళాలు పనికిరానివని ఊరంతా చెప్పుకోవాలని."

"వాళ్ళు దానికి అన్నం పెడుతున్నారేమో."

"నా కుక్కకి వాళ్ళు పెట్టటమేంటి?"

"ఓహో, మీ కుక్కా!" అంది ఆవిడ. ఆయన చటుక్కున ఆకురాయి అందుకుని, నూరక్కర్లేని తాళంచెవిని నూరటం మొదలుపెట్టాడు.

రెండు రోజుల తర్వాత, వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడే ఇంకో మాట చెప్పింది. "మీ తమ్ముడువాళ్ళు శుక్రవారం ఇల్లు ఖాళీ చేస్తున్నారు. వేరే ఊళ్ళో బల్లలూ కుర్చీలూ చేసే కంపెనీలో పని దొరికింది. ఆ సగం ఎవరికో ఇచ్చేస్తున్నారు."

ఆయన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. "నీకెవరు చెప్పారు?"

"పెట్టెలకి మేకులు కొడుతుంటే వినపడట్లేదా?"

"మేకుల చప్పుడులో శుక్రవారం అని కూడా వినపడుతుందా?"

ఆవిడ మజ్జిగ పోసింది. తాళాలాయన పైకి, "పోతే పోనీ" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఒకే తాళంచెవి మూడుసార్లు కోసి మూడుసార్లూ పాడుచేశాడు. శుక్రవారం తర్వాత ఆ తలుపుకి అవతల ఊరూ పేరూ తెలియని మనిషెవరో ఉంటాడు. అతని మీద కోపం పెట్టుకోవటానికి కూడా కారణం ఉండదు. ఇన్నేళ్ళూ తమ్ముడు దగ్గినా తుమ్మినా, చిత్రిక పట్టినా, ఆ తలుపులోంచి వినిపించేది. అది లేకుండా ఇల్లెలా ఉంటుందో ఆయన ఊహకి రాలేదు. వాడు వెళ్ళకూడదని ఉంది. ఆ మాట ఎవరితో అనాలో, ఏ మొహం పెట్టుకుని అనాలో తెలియలేదు. ఒకవేళ ఇదంతా తనని తలుపు దగ్గరికి రప్పించటానికి వాడు ఆడుతున్న నాటకమేమోనని కూడా అనిపించింది. అలా అనిపించాక కొంచెం హాయిగా ఉంది.

బుధవారం డాక్టరమ్మ కుక్కని చూడటానికి కొట్టుకొచ్చింది. బల్ల కింద తాళాలాయన పెట్టిన పాత పెట్టె చూసి, "ఇదేంటి, ఇంత ఇరుకుది పెట్టారు? కొలతలు చెప్పాను కదా మీ ఇంట్లోవాళ్ళకి" అంది.

"మా ఇంట్లోవాళ్ళకా? ఎప్పుడు?"

"పోయిన వారం. పొడుగెంత, వెడల్పెంత, అంచు ఎంత ఎత్తుండాలి అని అడిగి కాగితం మీద రాసుకెళ్ళారు."

తాళాలాయన భార్య వైపు చూశాడు. ఆవిడ తీరుబడిగా దుప్పటి మడతపెడుతోంది. తనకి తెలియకుండా ఈ ఇంట్లో ఏదో జరుగుతోందని, అందులో డాక్టరమ్మ, భార్య, కుక్క, ముగ్గురూ ఉన్నారని ఆయనకి రూఢి అయిపోయింది.

గురువారం పొద్దున కుక్క గిన్నె ముట్టలేదు. బల్ల కింద నేలని గోళ్ళతో గీకింది, వణికింది, లేచింది, కూర్చుంది. డాక్టరమ్మకి కబురెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి కుక్క కొట్టు వదిలేసి, లోపలి గది దాటి, నేరుగా మధ్య తలుపు దగ్గరికి వెళ్ళి వీపు దానికి ఆనించి పడుకుంది.

"ఇక్కడ కాదు, ఇక్కడ కాదు" అని తాళాలాయన చేతులాడించాడు. కుక్క కళ్ళెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"చోటు అదే ఎంచుకుంటుందండీ" అంది డాక్టరమ్మ.

"ఆ తలుపు తెరుచుకోదు."

"తెరవమని ఎవరడిగారు? నోరు మూసుకుని కూర్చోండి చాలు."

తాళాలాయన గోడవారగా కూర్చున్నాడు. ఒక చెయ్యి తాళం మీద వేశాడు, అనుమానం కొద్దీ. మధ్యాహ్నం రెండు దాటాక మొదటి పిల్ల వచ్చింది, తడిసిన గుడ్డముక్కలాగా. తల్లి దాన్ని నాకి నాకి ఊపిరి పోసింది. ఆ చిన్న ప్రాణి కీచుమన్న క్షణంలోనే ఆయన అరచేతి కింద తాళం లోపల ఏదో సన్నగా కదిలింది. ఇంకెవరికీ వినపడేది కాదు. చేసినవాడు కాబట్టి ఆయనకి తెలిసింది. మొదటి లివరు లేచింది.

రెండో పిల్లకి రెండోది లేచింది. మూడో పిల్ల ఆలస్యమైంది. కుక్క మూలుగుతుంటే భార్య దాని నుదురు నిమిరింది, డాక్టరమ్మ చేతులు కడుక్కుని సాయం పట్టింది. ఆ గంటసేపు తాళాలాయన ఎవరినీ అనుమానించలేదు. తాళం మీద చెయ్యి ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, "రా తల్లీ, రా, అయిపోయింది, ఇంకొక్కసారి" అంటున్నాడు. నెల రోజుల్లో కుక్కని ఆయన "ఇది" అనకుండా పిలవటం అదే మొదలు. మూడో పిల్ల వచ్చింది. మూడో లివరు లేచింది. తర్వాత నాలుగు, అయిదు. కిటికీలో ఎండ పచ్చబడుతున్న వేళకి ఆరు.

"ఆరు. అయిపోయింది" అని డాక్టరమ్మ నడుం విరుచుకుంది. "అన్నీ బతికాయి."

తాళాలాయన తాళం లాగి చూశాడు. రాలేదు. ఏడోది నిలిచి ఉంది. ఆరుకి ఒకటి ఎక్కువ పెట్టిన చెయ్యి తనదే. తాళం గెలిచింది, ఆయన గెలిచాడు. రేపు పొద్దున సందులోకి బండి వస్తుంది.

అప్పుడు తలుపు అవతల, నేలకి దగ్గరగా, ఒక గొంతు వినిపించింది. "అన్నీ బావున్నాయా వదినా?"

"ఆరయ్యా. తల్లి కూడా బావుంది" అంది ఆయన భార్య, పక్కింటి పిన్నిగారితో మాట్లాడినంత మామూలుగా.

తాళాలాయన ఆవిడ వైపు తిరిగాడు.

"అలా చూడకండి" అందావిడ. "మీరు కొట్లో ఉన్నంతసేపూ నేను గోడలతో మాట్లాడుకోవాలా? పదకొండేళ్ళ నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను."

ఇంట్లోవాళ్ళ మీద జీవితమంతా ఆయన పెట్టుకున్న అనుమానాల్లో నిజమని తేలింది ఇదొక్కటే. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. తమ్ముడి గొంతు ముసలిదైపోయింది. నాన్న గొంతులా ఉంది.

జేబులోంచి వంకర తీగ తీశాడు. ఒక్క లివరు. కళ్ళు మూసుకుని ఎత్తగలడు. కానీ తీగ తాళం దగ్గరే ఆగిపోయింది. ఇటు తీశాక అటు తాళం అలాగే ఉంటే? తను తలుపు తోసి, అది కదలక, తోసిన సంగతి మాత్రం అటువాళ్ళకి తెలిస్తే? ఇన్నేళ్ళూ ఆయన భయపడింది దీనికే. దొంగలకి కాదు. ఆ మాట ఆయనకి ఆ నిమిషంలోనే తెలిసింది. ఆఖరి పిల్ల గుడ్డిగా పాక్కుంటూ పోయి తలుపు కింది సందులో మూతి పెట్టింది. ఆయన తీగ లోపలికి పోనిచ్చి ఎత్తాడు. తాళం ఊడి చేతిలోకి వచ్చింది. గడియ లాగి, తలుపు మీద రెండు వేళ్ళు ఆనించాడు. తోసీ తోయకముందే అది అటువైపుకి తెరుచుకుంది. పదకొండేళ్ళు మూసిన తలుపు కిర్రుమని కూడా అనలేదు. బందులకి నూనె పెట్టి ఉంది.

అవతల తమ్ముడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తల సగం నెరిసింది. వెనక గోడవారగా కట్టేసిన సామాను. ముందు టేకు పెట్టె ఒకటి, కొత్తది, లోతు తక్కువది, అడుగున మెత్తగా చెక్కపొట్టు, దాని మీద పాత దుప్పటి. కుక్క ఒక్కొక్క పిల్లనీ నోట కరుచుకుని దాన్లోకి చేర్చటం మొదలుపెట్టింది. పెట్టె వెడల్పు సరిగ్గా గుమ్మం వెడల్పే. తమ్ముడు దాన్ని నెమ్మదిగా గుమ్మంలోకి జరిపాడు, సగం ఇటు, సగం అటు.

తాళాలాయన చూస్తున్నది పెట్టెని కాదు. తలుపు వెనక వైపుని. అక్కడ తాళం లేదు. గడియ కూడా లేదు. ఒకప్పుడు నాన్న బిగించిన గడియ చోట మాత్రం చెక్క లేతరంగులో ఉంది. దాని చుట్టూ కన్నాలు. లెక్కపెట్టనక్కర్లేదు, అయినా లెక్కపెట్టాడు. ఆరు.

స్క్రూ బిగించినా, ఊడదీసినా, తలుపు ఇవతలికి వినపడేది ఒకటే చప్పుడు. తాళాల పనిలో నలభై ఏళ్ళున్నవాడికి ఈ మాట ఇంకెవరో చెప్పాలా! నాన్న గడియకి ఉన్నవీ ఆరే అని ఆయనకి ఆ రోజు తోచనేలేదు.

"ఎప్పుడు తీశావురా?" అన్నాడు.

"ఆ మర్నాడే" అన్నాడు తమ్ముడు, పిల్లల వైపు చూస్తూ. "కోపం ఒక్క రోజే ఉంది. నీకు చెప్దామంటే ఇటు అప్పటికే తాళం పడింది."

గుత్తి సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. అది ఇప్పటికీ దొరకలేదు. ఆ సాయంత్రం వీధిలో తాళాలన్నీ మళ్ళీ మామూలుగా పడ్డాయి. టీచరమ్మ కుర్చీ తీసేసింది, గుమాస్తా రాయి తీసేశాడు.

శుక్రవారం పొద్దున తాళాలాయన లేచి, నిద్రకళ్ళతోనే మధ్య తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం కోసం చెయ్యి చాచాడు. చేతికి గాలి తగిలింది. గుమ్మంలో పెట్టె, పెట్టెలో ఆరు పిల్లలు, తల్లి. అవతల తమ్ముడు అప్పటికే లేచి కూర్చుని ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే లేచావేంరా?"

"రోజూ ఈ వేళకే లేస్తాను. ఇక్కడ కూర్చుంటాను." తమ్ముడు పెట్టెలో దుప్పటి సర్దాడు. "నువ్వొచ్చి తాళం కదిలించేవాడివి కదా. ఇవాళ తీస్తున్నావనుకునేవాణ్ణి. తర్వాత నీ అడుగులు వెనక్కి వెళ్ళిపోయేవి. అప్పుడు లేచి పనిలో పడేవాణ్ణి."

"రోజూనా?"

"రోజూ."

తాళాలాయన ఇవతలి గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తెలియలేదు. భార్య రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టింది. ఆయన తనది తీసుకుని తాగేశాడు. వాసన చూడలేదని ఆవిడ గమనించింది.

సందులో బండి వచ్చి ఆగింది. హారన్ కొట్టారు. తమ్ముడు లేవబోయాడు.

"కూర్చో" అన్నాడు తాళాలాయన. "ఆరు వారాలు కదపకూడదని డాక్టరమ్మ చెప్పింది."

"కుక్కనీ పిల్లల్నీ కదన్నయ్యా?"

"ఎవర్నీ."

హారన్ మళ్ళీ మోగింది. తమ్ముడు టీ గ్లాసు గుమ్మం మీద పెట్టి, బండి వెనక్కి పంపించి రావటానికి లేచాడు.